ముప్పైనాలుగు అంగుళాల తెర, నాలుగు గడులు

ముద్ర పడకుండా జరిగిపోయే పనులు ఈ లోకంలో రెండే రెండు: తుమ్ము, చావు. (చావుకు తరువాతనైనా ధ్రువపత్రం కావాలి కనుక, నిక్కచ్చిగా చూస్తే మిగిలింది తుమ్మొక్కటే.) తక్కినవన్నీ, ఎంత చిన్నవైనా సరే, కాగితం మీదికెక్కి, ఎడమనుంచి కుడికి ఒక్కొక్క గడీ దాటుకుంటూ, ఒక్కొక్క ఎర్రముద్రా వేయించుకుంటూ రావలసిందే. ఈ పద్ధతి తెలియని దేశాలు ఇంకా కొన్ని ఉన్నాయంటారు. పాపం, అక్కడివాళ్ళు స్టేప్లర్లు ఎలా కొనుక్కుంటారో తెలియదు.

సియోల్ పక్కనున్న బుచన్ నగరంలో అన్నం కుక్కర్ల మూతలకు రబ్బరు రింగులు తయారుచేసే కంపెనీ ఒకటుంది. అందులో కొనుగోళ్ళ విభాగంలో నమ్‌గుంగ్ హ్యోక్ పదిహేడేళ్ళుగా పనిచేస్తున్నాడు. కంపెనీకి ఏది కావలసినా దానికి ప్రతిపాదన రాసేది అతనే. కాగితం పైభాగాన నాలుగు గడులుంటాయి. ఎడమచివరి గడి రాసినవాడిది, కుడిచివరి గడి నిర్ణయించేవాడిది, మధ్యలోవి రెండూ నిర్ణయించేవాడికి కోపం రాకుండా చూసుకునేవాళ్ళవి. సంతకానికి బదులు అక్కడ ఎవరి పేరు చెక్కిన ముద్ర వాళ్ళకుంటుంది, హ్యోక్ ముద్ర పదిహేడేళ్ళుగా ఎడమచివరే పడుతోంది. (ఆరేళ్ళ కిందట కంపెనీ ఈ వ్యవహారం మొత్తాన్ని కంప్యూటర్లోకి మార్చింది. ఇప్పుడు కంప్యూటర్లో ఆమోదం వచ్చాక దాన్ని అచ్చుతీసి ముద్రలు వేయిస్తారు. అందువల్ల ఒక్కో తప్పు రెండేసి చోట్ల భద్రంగా ఉంటోంది.)

ఇంతటి అనుభవం ఉన్న మనిషికి, నలభై నాలుగో ఏట, ఒక వస్తువు కావాలనిపించింది. కంపెనీకి కాదు, తనకి.

అదొక మానిటర్. ముప్పైనాలుగు అంగుళాలు, మామూలు తెరకన్నా బాగా వెడల్పు, రెండు చివర్లా మనవైపు కాస్త వంగి ఉంటుంది. ఓఎల్ఈడీ రకం. అంటే నలుపు చూపించవలసినచోట తెర ఆ మేరకు ఆరిపోతుంది కాబట్టి నలుపు నల్లగానే కనిపిస్తుంది. (ఇన్నాళ్ళూ మనకు నలుపని చెప్పి అంటగట్టింది ముదురు బూడిదరంగు. ఈ విషయమై ఇంతవరకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు.) సియోల్ వెళ్ళినప్పుడు యొంగ్సాన్ ఎలక్ట్రానిక్స్ బజారులో దాన్ని చూశాడు. తెరమీద అడవి, చీకటి, చీకట్లో వాన. హ్యోక్ నలభై నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. దుకాణంలో ఆవిడ మొదట ధర చెప్పింది, తరువాత కుర్చీ వేసింది, ఆఖరికి భయపడి మంచినీళ్ళు తెచ్చింది. ఆ రోజు రైలెక్కి ఇంటికి వస్తున్నంతసేపూ కిటికీ బయటి చీకటి అతనికి చాలినంత నల్లగా కనిపించలేదు. అంతగా కావాలనిపించింది మరి.

కారణం లేకపోలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి హ్యోక్, అతని హైస్కూలు స్నేహితులు ముగ్గురు, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని కంప్యూటర్లో ఒకే ఆటలో కలుస్తారు. తుపాకులు పట్టుకుని అడవుల్లో తిరిగే ఆట. పెళ్ళిళ్ళు, పిల్లలు, ఒకడి విడాకులు, ఇంకొకడి గుండె ఆపరేషను, ఏవీ ఆ రెండు గంటలను ఆపలేకపోయాయి. వారం మొత్తం మీద హ్యోక్‌ని ‘ఒరేయ్’ అని పిలిచేవాళ్ళు ఆ ముగ్గురే. తక్కినవాళ్ళంతా ‘మేనేజర్‌గారూ’ అంటారు, లేదా ‘దాన్‌బి నాన్నా’ అంటారు. అయితే, పెళ్ళయిన ఏడాది కొన్న అతని పాత మానిటర్లో కుడివైపున రెండు వేళ్ళ వెడల్పున ఆకుపచ్చ చార ఒకటి పడింది. ఈ సంగతి శత్రువులకు ఎలా తెలిసిందోగాని, అందరూ కుడివైపునుంచే వస్తున్నారు.

జెజు ద్వీపంలో నారింజతోటలు చూసుకునే మిన్ దోపిల్ ఆ జట్టుకు నాయకుడు. నవంబరు మొదటి ఆదివారం అతను చెవులు చిల్లులు పడేలా అరిచాడు.

“ఒరేయ్ హ్యోక్! వాడు నీ పక్కనే నించుని నీ చెవిలో ఊదుతున్నాడ్రా! కనబడి చావలేదా?”

“చార వెనకున్నాడ్రా.”

“ఎప్పుడూ చార వెనకేనా? మేం ముగ్గురం ఆడటానికి వస్తున్నామా, నీకు పాడె మొయ్యడానికి వస్తున్నామా? ఇదిగో, డిసెంబరు పోటీలకి పేర్లిచ్చాం. మా మేనల్లుడు ఖాళీగా ఉన్నాడు. వాడికి కుడిపక్క కూడా కనిపిస్తుంది.”

నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్నాడు కాబట్టే హ్యోక్‌కి రెండు రోజులు అన్నం సయించలేదు.

కనుక పరిస్థితి స్పష్టం. నవంబరు ఆఖరి శుక్రవారం సాయంత్రం ఆరింటిదాకా ఆ మానిటర్ తగ్గింపు ధరకు వస్తుంది. మూడేళ్ళుగా దాచుకున్న పండుగ బోనసు దానికి సరిగ్గా సరిపోతుంది. ఆరు దాటితే సరిపోదు. కొంటే ఆదివారం జట్టులో హ్యోక్ ఉంటాడు, కొనకపోతే మేనల్లుడుంటాడు.

ఇక ఇంటి సంగతి. భార్య ఓక్ యొన్జు బజారులో కూరలూ పచ్చళ్ళూ అమ్మే దుకాణం నడుపుతుంది. పాలకూర కట్ట ఎంతకివ్వాలో, ఎవరికి అరువివ్వకూడదో మూడు సెకన్లలో తేల్చేసే మనిషి. హ్యోక్ దుకాణానికి వెళ్ళి, గొంతు సవరించుకున్నాడు.

“దాన్‌బి అమ్మా, నాకో మానిటర్...”

“కొనుక్కో.”

“ఎందుకో అడగవేం?”

“నీ బోనసు, నీ కళ్ళు. మధ్యన నేనడిగేదేముంది? ఆ ముల్లంగి ఇటియ్యి.”

దేవుడు వరమిచ్చేశాడు. పూజారికి మాత్రం తృప్తి కలగలేదు. పరిశీలన లేకుండా వచ్చిన ఆమోదం పెళ్ళిచూపులు లేకుండా కుదిరిన సంబంధంలాంటిదని, అందులో ఎక్కడో ఏదో లోపం ఉండే తీరుతుందని హ్యోక్ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు చెబుతుంటాడు. ఆ సాయంత్రమే అతను ‘గృహ కొనుగోళ్ళ నిబంధనలు (తాత్కాలికం)’ అనే పత్రాన్ని రూపొందించి, ఫ్రిజ్ తలుపుకు అంటించి, ఇరవై నాలుగు గంటలు ప్రజాభిప్రాయానికి ఉంచాడు. (ఒక్క అభిప్రాయం అందింది. ఫ్రిజ్‌లో గుడ్లు అయిపోయాయట.) నిబంధనల ప్రకారం గడులు నాలుగు. ప్రతిపాదించువాడు హ్యోక్. ప్రభావితురాలు కూతురు దాన్‌బి. తనిఖీ అధికారి అత్తగారు. నిర్ణయాధికారి యొన్జు.

“కొనుక్కోమని చెప్పానుగా?” అంది యొన్జు కాగితం చూసి.

“నోటితో చెప్పావు.”

“మరి దేంతో చెప్పాలి?”

“ముద్రతో. ఇప్పుడే వేసేవు, వద్దు! నీది చివరి గడి. ముందువి నిండకుండా నువ్వు వేస్తే చెల్లదు.”

యొన్జు అతని మొహంలోకి ఒక నిమిషం చూసి, జ్వరమేమోనని నుదుటిమీద చెయ్యి వేసి, కాస్త వెల్లుల్లి వాసన అక్కడ వదిలి వెళ్ళిపోయింది.

ప్రతిపాదనలో అన్నిటికన్నా కష్టమైంది ‘ఉద్దేశం’ అనే అంశం. హ్యోక్ ఆ చోట్లో పదిహేడేళ్ళుగా ఎన్ని రాయలేదు! తిరిగే కుర్చీలకు ‘ఉద్యోగుల వెన్నెముక ద్వారా దేశ పోటీతత్వం నిలబెట్టుటకు’ అని రాశాడు. కాఫీ యంత్రానికి ‘విభాగాల మధ్య సమన్వయం’ అని రాశాడు. ఇప్పుడు తన వంతు వచ్చేసరికి కలం కదలలేదు. ‘కంటి ఆరోగ్యం’ అని రాసి కొట్టేశాడు. ‘కుమార్తె చదువుకు’ అని రాశాడు. పద్నాలుగేళ్ళ దాన్‌బి అది చదివి నవ్విన నవ్వుకు, తాగుతున్న పాలు ముక్కులోంచి వచ్చాయి. ఆఖరికి ‘కుటుంబ సమాచార వీక్షణ వెడల్పును ముప్పై మూడు శాతం పెంచుట’ అన్నది ఖాయమైంది. అసలు నిజం అనుబంధంలో, నాలుగో అంశంగా, చిన్న అక్షరాల్లో చేరింది: ‘ప్రతిపాదించువాడికి కావాలనిపించింది.’

తరువాతిది ధరల పోలిక. ఏ వస్తువుకైనా మూడు దుకాణాల ధరలు జతచేయాలి. రెండు దొరికాయి. రెండింటిలోనూ ధర ఒక్క వాన్ తేడా లేకుండా ఒకటే. మూడోది, కంపెనీలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం ప్రకారం, ఓడిపోవడానికి ఒప్పుకున్న దుకాణం నుంచి తేవాలి. హ్యోక్ వీధిచివర తాళంచెవులు చేస్తూ, ముద్రలు చెక్కే బడ్డీలోని ముసలాయన దగ్గరికి వెళ్ళాడు.

“నా దగ్గర టీవీలెక్కడున్నాయయ్యా?”

“ఉండక్కర్లేదు పెద్దాయనా. ధర రాసివ్వండి చాలు. వాళ్ళకన్నా పదివేలు ఎక్కువ వెయ్యండి. అప్పుడే మీరు ఓడిపోతారు.”

“ఓడిపోతే నాకేంటి?”

“తాళంచెవి ఒకటి చేయించుకుంటాను.”

“నీ ఇంటికి అంకెలు నొక్కే తాళం కదయ్యా?”

“అయినా చేయించుకుంటాను.”

ముసలాయన అద్దాలు పెట్టుకుని, ‘వంపుతెర, ఒకటి’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాడు. హ్యోక్ కొత్త తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి వచ్చాడు. దానికి తాళం ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు.

ప్రభావితురాలి సమ్మతికి మూడు విడతల చర్చలు పట్టాయి. ఇంట్లో ఉన్న బల్ల ఒక్కటే. దాని పొడవు నూట ఇరవై సెంటీమీటర్లు. తెర వెడల్పు ఎనభై ఒకటి. మిగిలిన ముప్పై తొమ్మిదిలో దాన్‌బి గణితం పుస్తకం తెరుచుకోదు.

“సగం మూసి చదువుకోవచ్చు కదమ్మా?” అన్నాడు హ్యోక్.

“అయితే నువ్వూ తెర సగం మూసి ఆడుకో నాన్నా.”

“ఇక్కడ ప్రశ్న నీ సమ్మతి.”

“దానికి ఎంతిస్తావ్?”

ఒక ఏడాది పాటు ఇంటికి వచ్చే ప్రతి వేపుడు కోడిలోనూ రెండు కాళ్ళూ ఆమెకే చెందుతాయన్న షరతు మీద ఒప్పందం కుదిరింది. ముద్ర లేదు కనుక దాన్‌బి రబ్బరు ముక్క మీద పిల్లి మొహం చెక్కి ఎర్రసిరాలో అద్దింది. నిబంధనలన్నీ తిరగేసినా పిల్లి చెల్లదని ఎక్కడా లేదు.

ఇక మిగిలింది తనిఖీ. శీతాకాలానికి క్యాబేజీతో కిమ్చీ పచ్చడి పెట్టే రోజులు కావడంతో అత్తగారు ఇంచన్‌ నుంచి వచ్చి కూతురి దుకాణంలోనే ఉంటోంది. నలభై ఏళ్ళు రేవులో చేపలమ్మిన మనిషి. గురువారం సాయంత్రం ఉప్పులో ఊరిన కోసుగడ్డల మధ్య పొట్టి పీట వేసుకుని కూర్చుని, మోచేతులదాకా కారం పూసుకుని, కాగితాన్ని తనకు చదివి వినిపించమంది. హ్యోక్ మొదటినుంచి చివరిదాకా చదివాడు. కోసుగడ్డలు కూడా విన్నాయి.

“ఇందులో ‘ప్రమాదాలు’ అన్నావు. ఏంటది అల్లుడూ, పేలుతుందా?”

“లేదు అత్తయ్యగారూ. ఒకే బొమ్మ కదలకుండా చాలాసేపుంటే దాని మచ్చ తెరమీద శాశ్వతంగా పడిపోతుంది. అందుకని నాలుగ్గంటలకోసారి అది విశ్రాంతి తీసుకుంటుంది.”

“ఎవరూ, తెరా?”

“అవునండి.”

“నలభై ఏళ్ళు చేపలమ్మాను. నాకెవడిచ్చాడయ్యా విశ్రాంతి?”

హ్యోక్ దీన్ని నమోదు చేసుకున్నాడు. (అభ్యంతరం ఒకటి: తనిఖీ అధికారికి విశ్రాంతి లేదు.)

“ఎన్నాళ్ళు పనిచేస్తుంది?”

“మూడేళ్ళకి హామీ ఇచ్చారండి.”

“మీ మామగారూ అంతే ఇచ్చాడు.” ఆవిడ ఒక కోసుగడ్డ ఆకుల మధ్య కారం దట్టించి పక్కన పెట్టింది. “సరే గానీ, ఒక్క మాట చెప్పు. నీకది కావాలా?”

“అవసరాన్ని రెండో పేజీలో వివరంగా...”

“అవసరం ఊసు ఎవడడిగాడు? కావాలా అంటున్నా.”

హ్యోక్ నోరు తెరిచాడు. చిత్రంగా, అడవి మీద కురిసిన ఆ వాన కళ్ళముందు కనిపించింది. నోటిదాకా ఏదో వచ్చింది. వచ్చింది గానీ, బయటికి వచ్చేసరికి దారిలో రూపం మారిపోయింది.

“అది అనుబంధంలో నాలుగో అంశంగా ఉంది అత్తయ్యగారూ.”

“గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చావు కదయ్యా” అంది ఆవిడ, తిట్టినట్టు కాదు, ఒంట్లో బాగాలేనివాడితో మాట్లాడినట్టు. ముద్ర మాత్రం వేయనంది. హ్యోక్ మామగారు ఎప్పుడో ఒక స్నేహితుడికి పూచీ పడి ముద్ర వేస్తే ఉన్న ఇల్లు కాస్తా ఎగిరిపోయిందట. అప్పటినుంచి ఆవిడ ముద్ర బియ్యం డబ్బా అడుగున పడి ఉంది. దానికి బదులు ఎర్రని బొటనవేలు గడిలో గట్టిగా నొక్కింది. ముద్ర ఎర్రగా ఉండాలని మాత్రమే నిబంధన, ఆ ఎరుపు ఏ మిరపతోటనుంచి వచ్చిందో అడిగే అధికారం ఎవరికీ లేదు. ఆ రాత్రి కాగితాన్ని ఆరబెడుతుంటే హ్యోక్‌కి ఆరు తుమ్ములు వచ్చాయి.

శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టాడు. (దానికీ నాలుగు ముద్రలే, నాలుగోది పడేసరికి అయిదు కావచ్చింది. ఉద్దేశం: ఇంటి పని.) అయిదూ ఇరవై అయిదుకు దుకాణం చేరాడు. దుకాణం ముందు వరస వీధి మలుపుదాకా ఉంది. ఊరందరికీ ఆ వారమే కిమ్చీ కావాలి. యొన్జు ఒక చేత్తో తూకం వేస్తూ, ఇంకో చేత్తో సంచులు కడుతూ, మూడో చెయ్యి లేనందుకు మొగుడివైపు చూసింది.

“మూడు గడులూ నిండాయి” అన్నాడు హ్యోక్, కాగితం ఎత్తిపట్టుకుని. “ఇప్పుడు నువ్వే.”

“ఇంకా కొనలేదా నువ్వు?!”

“ముప్పై అయిదు నిమిషాల టైముంది. ఇక్కడ ముద్ర...”

యొన్జు చేతులు ఏప్రానుకు తుడుచుకుని, అతని జేబులోని పెన్ను లాక్కుని, కుడిచివరి గడిలో ఉన్న తన పేరు అడ్డంగా కొట్టేసింది. దానికింద ‘నమ్‌గుంగ్ హ్యోక్’ అని రాసింది.

“ఇదేంటి!”

“నేను మొదటిరోజే తేల్చేశా. మూడు వారాల్నుంచి ఇల్లంతా తిరుగుతున్నావు, మా అమ్మ వేలిముద్ర కూడా తీసుకున్నావు. కావాలంటే కొనుక్కో, వద్దంటే మానెయ్. నీ తెర, నీ గడి, నువ్వే తేల్చుకో. ఆఁ పిన్నిగారూ, మీకు ముల్లంగా, ఉల్లికాడలా?”

కంపెనీలో దీన్ని అధికార బదలాయింపు అంటారు. పదిహేడేళ్ళలో హ్యోక్ దీన్ని రెండుసార్లే చూశాడు. అలా అధికారం పొందినవాళ్ళలో ఒకాయన ఇప్పుడు గిడ్డంగికి కాపలా ఉంటున్నాడు. రెండో ఆయన బీమా అమ్ముతున్నాడు.

హ్యోక్ దుకాణంలోని ఫ్రిజ్ వెనక బోర్లించిన ఉప్పుతొట్టి మీద కూర్చున్నాడు. ఒక చేతిలో ముద్ర, ఒక చేతిలో ఫోను. ఫోనులో మానిటర్ బొమ్మ, దానికింద ‘చెల్లించండి’ అని నీలంరంగు బొత్తాం. వేలు పెడితే అయిపోతుంది. పెట్టబోయాడు కూడా. కాని చదవకుండా ముద్ర వేసే అధికారులంటే అతనికి చిన్నప్పటినుంచీ కాదుగాని, ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అసహ్యం. ఒక్కసారి చదివి వేద్దామనుకున్నాడు.

జీవితంలో మొదటిసారిగా అతను ఒక ప్రతిపాదనను కుడిచివరి గడిలో కూర్చుని చదివాడు. అక్కడినుంచి చూస్తే కాగితం వేరేగా ఉంటుందని ఎవరూ అతనికి చెప్పలేదు. కళ్ళద్దాలు వాటంతటవే నుదుటి మీదికి వెళ్ళాయి. ఒక నిట్టూర్పు వచ్చింది. ‘వీక్షణ వెడల్పు’ అన్నది వట్టి డాంబికమని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. మూడో ధర ఇచ్చింది తాళాలవాడు. ఈ ఎత్తు ఎవరు వేస్తారో అతనికి బాగా తెలుసు. ప్రభావితురాలి సమ్మతిని కోడికాళ్ళతో కొన్నారు. తనిఖీ గడిలో కారప్పొడి ఉంది. అనుబంధం నాలుగో అంశం దగ్గర ఆగాడు. ‘కావాలనిపించింది.’ మూడుసార్లు చదివాడు. రాసినవాడి మీద జాలి కలిగింది. ఎవరో మంచివాడిలాగే ఉన్నాడు, పాపం, కష్టపడి రాశాడు. వయసు నలభై నాలుగు. ఇంతవరకు తనకంటూ ఏదీ అడిగిన దాఖలా లేదు. ఇన్నాళ్ళూ లేకుండా గడిచినవాడికి ఇప్పుడే ఏం ముంచుకొచ్చింది? అలా అని జాలిపడి కాగితాలు కదిలిస్తే రేపు ఇంకొకడు వస్తాడు.

ఫోనులో మెసేజ్ వచ్చింది. దోపిల్. “ఏమైంద్రా? కొన్నావా? ఆదివారం నువ్వా, మావాడా? పేరు ఇప్పుడే ఇవ్వాలి.”

అయిదూ యాభై ఏడు. హ్యోక్ పెన్ను తీసుకుని, గడి పక్కన ఖాళీలో, అధికారులు రాసినట్టు కాస్త వాలుగా రాశాడు: ‘అవసరం తగినంతగా నిరూపించబడలేదు. తిప్పి పంపడమైనది.’ ముద్రను నోటితో ఊది వెచ్చబెట్టి, సిరాలో అద్ది, కుడిచివరి గడి నడిమధ్యన నొక్కాడు. ఎక్కడా చెదరకుండా, నిండుగా పడింది. తరువాత దోపిల్‌కి, “ఈసారికి మీవాణ్ణే ఆడించరా” అని జవాబు పంపాడు.

ఆరు దాటాక వరస కాస్త పలచబడింది. యొన్జు ఫ్రిజ్ వెనక్కి తొంగి చూసింది.

“తేలిందా?”

“తిప్పి పంపారు.”

ఆమె చేతిలో ఉల్లికాడల కట్ట అలాగే ఆగిపోయింది.

“ఎవరు?”

హ్యోక్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నాడు.

“పైవాళ్ళు” అన్నాడు.